నరం తన నెయ్యి తానే కాచుకుంటుంది

కోనసీమలోని ఉప్పలగుప్తం మండలంలో మా మేనల్లుడు లీజుకు తీసుకున్న రొయ్యల చెరువు గట్టు మీద, ఒక సాయంత్రం జరిగిన మాటల్లోంచి ఈ వ్యాసం పుట్టింది. మేత లెక్క రాసుకుంటూ వాడు మాటవరసకు, “ఈ మేతలో కొలెస్ట్రాల్ కలుపుతారు మావయ్యా, అది తగ్గితే పెంకు వదిలే మౌల్టింగ్ దెబ్బతింటుందంట” అన్నాడు. ముప్ఫయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైన నాకు అందులో కొత్త ఏమీ లేదు. రొయ్యలకు, పీతలకు, ఆ మాటకొస్తే పురుగులకు కూడా కొలెస్ట్రాల్‌ను సొంతంగా తయారు చేసుకునే శక్తి లేదు. తిండిలో దొరికితేనే వాటికి అది ఉంటుంది. నన్ను ఆపింది వేరే సంగతి. సరిగ్గా అదే వారంలో, అదే కొలెస్ట్రాల్ పేరు చెప్పి, మా ఇంట్లో పద్నాలుగు నెలల మనవడి పళ్లెంలోంచి నేతి చెంచాను తీసేశారు. చెరువులో రొయ్యకు డబ్బు పోసి కొని పెడుతున్నదాన్ని ఇంట్లో పసివాడికి మాన్పిస్తున్నాం. ఈ రెంటిలో ఏది సరైనదో, ఎందుకు సరైనదో తేల్చుకోవాలనిపించింది.

మా కోడలి భయం నిష్కారణమైనది కాదు. ఆమె తండ్రికి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. అప్పటి నుంచి వాళ్ల పుట్టింట్లో నెయ్యి, గుడ్డు పచ్చసొన, కొబ్బరిపాలు, వేపుళ్లు అన్నిటినీ ఒకే గాటన కట్టి దూరం పెట్టారు. ఆ లెక్కనే పిల్లవాడికీ అన్వయించి, ఆమె వెన్న తీసిన పాల ప్యాకెట్లు తెప్పించడం మొదలుపెట్టింది. మా ఆవిడది అంతకు ముందు తరం వాదం: “నేతి ముద్ద తినకుండా పసివాడికి బుర్ర ఎలా ఎదుగుతుంది? బ్రాహ్మీ ఘృతం అని పెద్దవాళ్లు ఊరికే అన్నారా?” ఇద్దరి మధ్య నేను చిక్కుకున్నాను. “మావయ్యగారూ, మీరు పాఠం చెప్పినవారు కదా, నరాలకు నెయ్యి కావాలో అక్కరలేదో మీరే చెప్పండి” అని కోడలు నిలదీసినప్పుడు నీళ్లు నమిలాను. ఎందుకంటే నేను చెప్పిన పాఠం రెండు మార్కుల ప్రశ్నకు సరిపడేంతే: మైలిన్ తొడుగు కొవ్వుతో ఏర్పడుతుంది, నాడీ పోగుకు విద్యుత్ బంధకంగా పనిచేస్తుంది. ఆ కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందని ముప్ఫయ్యేళ్లలో ఒక్క విద్యార్థీ అడగలేదు, నన్ను నేను కూడా అడుక్కోలేదు.

ఇప్పుడు చదువుకుని, ఆలోచించి నేను చెప్పదలచినది ఇది: నెయ్యిని పొగిడే మా ఆవిడా, నెయ్యికి భయపడే మా కోడలూ ఒకే పొరపాటు చేస్తున్నారు. తిన్న కొవ్వు తిన్నట్టే వెళ్లి ఒంట్లో ఎక్కడో అతుక్కుంటుందని ఇద్దరూ నమ్ముతున్నారు. అతుక్కునే చోటు ఒకరికి మెదడు, మరొకరికి గుండె రక్తనాళం, అంతే తేడా. నరం మీది తొడుగు విషయంలో మాత్రం ఆ నమ్మకం దాదాపు పూర్తిగా తప్పు. ఆ తొడుగులోని కొవ్వును చాలావరకు కణం తన లోపలే, తన చేతులతోనే వండుకుంటుంది. అందుచేత అడగవలసినది పళ్లెంలో ఎంత నెయ్యి ఉందని కాదు, ఆ వంటగది నడుస్తోందా లేదా అని.

ముందు ఆ తొడుగు ఎలా ఉంటుందో చెప్పాలి. మన వైపు వాళ్లకు దాన్ని చెప్పడం తేలిక, ఎందుకంటే ఆత్రేయపురం మనకు దగ్గర. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పూతరేకుల గురించి కొత్తగా చెప్పేదేమీ లేకపోయినా, రేకు తీసే క్షణాన్ని దగ్గర నుంచి చూడనివారి కోసం రాస్తున్నాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరి మట్టలు మండుతుంటాయి. పలచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను రేకు తీసే ఆవిడ రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతుంది. గుడ్డ అటు వెళ్లేలోపే ఇటు తడి ఆరిపోతుంది. అంచు దగ్గర చిన్న చిటపట, ఆ వెంటనే రేకు తనంతట తానే కుండను వదిలి పైకి లేస్తుంది. వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు ఎదురుగా పెడితే అవతలి మనిషి ముఖం కనిపిస్తుంది. అటువంటి రేకుల మీద నెయ్యి రాసి, పంచదారో బెల్లం పొడో చల్లి, మడత మీద మడతగా చుడతారు. నరం మీది మైలిన్ కూడా అటువంటి చుట్టే. పలచని పొర ఒకటి నాడీ పోగు చుట్టూ పదుల సార్లు, లావు పోగుల మీదైతే వంద చుట్ల దాకా తిరుగుతుంది. పొరకూ పొరకూ మధ్య ఉన్న తడిని దాదాపు మొత్తం పిండేసి గట్టిగా దగ్గరపడుతుంది.

పోలిక ఎక్కడ విరుగుతుందో అక్కడే అసలు విషయం ఉంది. పూతరేకులో రేకు బియ్యానిది, నెయ్యి బయటి నుంచి వచ్చి రేకుల మధ్య చేరింది. మైలిన్‌లో మధ్యన పూసే నెయ్యి అంటూ వేరే లేదు, రేకే కొవ్వు. తడి ఆరిన మైలిన్ బరువులో 70 శాతానికి పైగా కొవ్వు పదార్థాలే ఉంటాయి, మిగిలినది ప్రొటీన్. మామూలు కణాల పైపొరలో కొవ్వూ ప్రొటీనూ సుమారుగా సమానంగా ఉంటాయి కాబట్టి, మైలిన్ ఎంత విపరీతమైన పొరో దీన్ని బట్టి ఊహించవచ్చు. ఇంకొక తేడా ఉంది. పూతరేకును బయట నుంచి చుడతారు, కొత్త రేకు పైన పడుతుంది. మెదడులో పెరిగే మైలిన్‌కు కొత్త చుట్టు లోపలి వైపున, నాడీ పోగును ఆనుకుని, అప్పటికే ఉన్న చుట్ల కిందకు దూరుతూ పోతుంది. ఆత్రేయపురంలో ఎంత చేయి తిరిగిన మనిషికైనా అది అసాధ్యం.

ఆ చుట్టును మొదట కళ్లతో చూసింది 1954లో. బెట్టీ బెన్ గెరెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కోడి పిండాల నరాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, నరాలకు తొడుగు వేసే ష్వాన్ కణపు పొరే సర్పిలంగా చుట్టుకుని మైలిన్‌గా మారుతోందని చూపింది. అంతకు సరిగ్గా నూరేళ్ల ముందు, 1854లో, జర్మన్ వైద్యుడు విర్కో ఆ పదార్థానికి మైలిన్ అని పేరు పెట్టాడు. గ్రీకులో దాని అర్థం మూలుగ. ఎముకలో మూలుగలా అది లోపల నిండి ఉండే సరుకని అనుకున్నాడు. నిజానికి అది లోపల ఉండేది కాదు, చుట్టూ ఉండేది. కొవ్వును చూడగానే పోసి నింపిన సరుకని అనుకోవడం మహామహులకే తప్పలేదన్నమాట. మా ఆవిడను తప్పు పట్టడానికి నాకు నోరెలా వస్తుంది?

తొడుగు చేసే పనిని రెండు ముక్కల్లో ముగిస్తాను, ఎందుకంటే ఇది పాఠ్యపుస్తకాల్లో సరిగ్గానే ఉంది. కొవ్వు పొర విద్యుత్తును బయటకు పోనివ్వదు, పోగు వెంట వృథాగా నిలవ చేయనివ్వదు. మిల్లీమీటరు పొడవున తొడుగు, ఆ తరవాత మిల్లీమీటరులో వెయ్యో వంతు ఖాళీ, మళ్లీ తొడుగు. సంకేతం ఆ ఖాళీల దగ్గర మాత్రమే ఆగి పుంజుకుంటూ, మధ్య దూరాన్ని ఒక్క ఊపులో దాటుతుంది. పల్లెవెలుగు బస్సు ఎక్స్‌ప్రెస్ అయినట్టు. తొడుగు లేని సన్నని పోగులో సంకేతం సెకనుకు 1 మీటరు అటూ ఇటూ నడిస్తే, తొడుగున్న లావు పోగులో 100 మీటర్లు దాటుతుంది. తొడుగు లేకుండా వేగం కావాలంటే పోగును లావు చేసుకోవడం ఒక్కటే దారి. సముద్రపు స్క్విడ్ ఆ దారిన పోయి అర మిల్లీమీటరు మించిన పోగును పెంచుకుంది, అయినా దాని వేగం సెకనుకు పాతిక మీటర్ల దగ్గరే ఆగింది.

మరి రొయ్య? చెరువు దగ్గర చెక్ ట్రే పైకి లాగినప్పుడు చూడండి. నీళ్లలోంచి ట్రే అంచు బయటపడీ పడగానే, మేత తింటున్న వనామి రొయ్య నడుం విరిచి, తోక కిందకు కొట్టి, వెనక్కి ఎగిరి పడుతుంది. కన్ను ఆర్పేలోపు అయిపోతుంది. మన కంటికి కనిపించేది నీటి తుంపర మాత్రమే. వెన్నెముక లేని జీవుల్లో నరానికి తొడుగు ఉన్నవి చాలా అరుదు, ఆ అరుదైన వాటిలో ఈ కుటుంబపు రొయ్యలు ఉన్నాయి. వాటి పెద్ద నాడీ పోగులో కొలిచిన వేగం సెకనుకు 200 మీటర్ల దాకా ఉంది. మన ఒంట్లోని ఏ నరమూ దాని దరిదాపుల్లోకి రాదు. వాటి తొడుగు నిర్మాణం మనదానికంటే భిన్నమైనది, పోగుకూ తొడుగుకూ మధ్య జిగురులాంటి ద్రవంతో నిండిన జాగా ఉంటుంది, పరిణామంలో అది వేరే దారిన వచ్చింది. అయినా ఒంట్లోని ప్రతి పొరకూ కావలసిన కొలెస్ట్రాల్‌ను ఆ రొయ్య బయటి నుంచే తెచ్చుకోవాలి. అంటే “తిన్న కొవ్వే నరానికి చేరుతుంది” అన్న మా ఆవిడ సిద్ధాంతం రొయ్యల విషయంలో చాలావరకు నిజం. మా మేనల్లుడు మేతకు పెట్టే ఖర్చులో ఆ సిద్ధాంతానికి కొంత వాటా ఉంది. మనవడు రొయ్య కాకపోవడమే చిక్కంతా.

మనిషి మెదడు ఒంటి బరువులో 2 శాతం. ఒంట్లో ఉన్న మొత్తం కొలెస్ట్రాల్‌లో సుమారు నాలుగో వంతు అక్కడే ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మైలిన్‌లో. ఇంత సరుకు నిలవ ఉన్న చోటికి సరఫరా ఎక్కడి నుంచో ఉండాలి కదా అని ఎవరైనా అనుకుంటారు. అక్కడే మన డెల్టావాసులకు వింతగా తోచే ఏర్పాటు ఒకటి ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి మన ఊళ్లన్నీ రెండు కాలువల లెక్క మీద బతుకుతున్నాయి: నీరు తెచ్చే పంటకాలువ ఒకటి, మిగులు నీటిని సముద్రానికి తీసుకుపోయే డ్రెయిన్ ఒకటి. కొలెస్ట్రాల్ విషయంలో మెదడు పంటకాలువ లేని ఊరు. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్ కణికలు మెదడు రక్తనాళాల గోడను దాటి లోపలికి పోలేవు. ఆ తూము మూసే ఉంటుంది. డ్రెయిన్ మాత్రం ఉంది. మెదడు తనకు ఎక్కువైన కొలెస్ట్రాల్‌కు ఒక ఆక్సిజన్‌ను తగిలించి, గోడ దాటగలిగే రూపంలోకి మార్చి, బయటికి పంపేస్తుంది. మరి లోపల కావలసినదంతా లోపలే పుట్టాలి. చక్కెర నుంచి, కీటోన్ల (కాలేయం కొవ్వును విరిచి చేసే చిన్న అణువుల) నుంచి వచ్చే రెండేసి కార్బన్ల తునకలను ఒకదానికొకటి అతికిస్తూ, పాతిక దశలు మించిన పనిలో కణం ఒక్కో కొలెస్ట్రాల్ అణువును కడుతుంది.

ఇది ఎంత ముఖ్యమో 2005లో జర్మనీలోని గోటింగెన్‌లో చేసిన ఒక ప్రయోగం తేల్చింది. చిట్టెలుకల మెదడులో మైలిన్ చుట్టే కణాలున్నాయి, వాటిని ఒలిగోడెండ్రోసైట్లు అంటారు. ఒక్కో కణం పదుల పోగులకు తొడుగు వేస్తుంది. ఆ కణాల్లో మాత్రమే కొలెస్ట్రాల్ వంటకు కావలసిన ఒక ఎంజైమును పరిశోధకులు తీసేశారు. మైలిన్ ఏర్పడటం బాగా ఆలస్యమైంది, ఎలుకలకు వణుకూ తూలుడూ వచ్చాయి. నాకు బాగా నచ్చింది ఆ తరవాతి విషయం. ఆ కణాలు ఇరుగుపొరుగు కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను మెల్లగా అప్పు తెచ్చుకుని, చివరికి వేసిన కాస్త తొడుగులో కొలెస్ట్రాల్ పాలు మామూలుగానే ఉంది. సరుకు తక్కువైందని కల్తీ తొడుగు వేయలేదు, సరుకు దొరికేదాకా పని ఆపి కూర్చున్నాయి. మా ఊళ్లో ఇల్లు కట్టే మేస్త్రీలందరూ ఇలా ఉంటే ఎంత బాగుండేది!

ఇంత చెప్పాక మా ఆవిడ అడిగిన ప్రశ్న పదునైనది. “అయితే తల్లిపాలలో అంత కొవ్వు దేనికి? దేవుడు అనవసరంగా పెట్టాడా?” తల్లిపాల నుంచి బిడ్డకు అందే శక్తిలో సుమారు సగం కొవ్వు నుంచే వస్తుంది. మైలిన్ అన్నిటికంటే వేగంగా చుట్టుకునేది మొదటి రెండేళ్లలోనే. ఆ తరవాత నెమ్మదించి, నుదుటి వెనక భాగంలో ఇరవై ఏళ్లు దాటేదాకా సాగుతుంది. ఈ రెండూ కాకతాళీయం కావు. పాలు తాగే వయసులో కొవ్వులో కొంత భాగం బిడ్డ కాలేయంలో విరిగి కీటోన్లుగా మారుతుంది. కీటోన్లకు మెదడు తూము బార్లా తెరిచి ఉంటుంది. లోపలికి వెళ్లిన కీటోన్లను మైలిన్ కణాలు ఇంధనంగా వాడటమే కాదు, మళ్లీ కొవ్వు ఆమ్లాలుగా, కొలెస్ట్రాల్‌గా కడతాయి. పాల కొవ్వు మెదడు కొవ్వు అవుతుందన్న మాట ఈ అర్థంలో నిజమే, కానీ మధ్యలో అది పూర్తిగా విడిపోయి తన రూపమే కోల్పోయింది. పెంకుటిల్లు విప్పి, ఆ ఇటుకలతో మరో ఊళ్లో డాబా కట్టినట్టు. కాబట్టి రెండేళ్లలోపు పిల్లలకు వెన్న తీసిన పాలు పట్టవద్దని పిల్లల వైద్యులు చెప్పేది నెయ్యి మహిమను నమ్మి కాదు. ఆ వయసులో చిన్న కడుపుకు తగినంత శక్తి అందాలంటే కొవ్వు లేకుండా కుదరదు, వంటగది పొయ్యి ఆరితే వంటే ఉండదు. ఈ ఒక్క విషయంలో మా కోడలిది పొరపాటని ఆమె ముందే అన్నాను. ఆమె తండ్రి పళ్లెం గురించి ఆమెకున్న భయం మాత్రం ముమ్మాటికీ న్యాయమైనది. పెద్దవాళ్లలో నెయ్యిలాంటి కొవ్వు రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, నా వయసువాళ్ల నరాలకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

కోడలు ఒప్పుకుంది గానీ, మా ఆవిడ ఒప్పుకోలేదు. నెయ్యి నరాలకు చేరకపోవచ్చు, చెడు మాత్రం చేయదు కదా అంది. నరాల మటుకు దాదాపు అందరికీ అది నిజం. అయితే కొందరికి నెయ్యే నరాల తొడుగును ఊడగొడుతుంది. నార్వే వైద్యుడు రెఫ్సమ్ పేరు మీద ఒక జబ్బు ఉంది. పచ్చగడ్డిలోని ఆకుపచ్చ రంగు పదార్థం గేదె, ఆవు పొట్టలోని సూక్ష్మజీవుల వల్ల విడిపోయి, అందులోంచి ఫైటానిక్ ఆమ్లం అనే కొమ్మలున్న కొవ్వు ఆమ్లం పుడుతుంది. అది పాలలోకి, వెన్నలోకి, నెయ్యిలోకి వస్తుంది. మామూలు మనిషి ఒంట్లో దాని కొస నుంచి ముందు ఒక కార్బన్‌ను కత్తిరించి, ఆ తరవాత మిగిలినదాన్ని విరిచి పారేసే ఏర్పాటు ఉంది. పుట్టుకతో ఆ ఏర్పాటు లేనివారిలో అది పోగుపడి కాళ్లూ చేతుల నరాల తొడుగు పాడవుతుంది, చూపూ వినికిడీ తగ్గుతాయి. వారికి మొదటి వైద్యం పాల కొవ్వునూ మేక, గొర్రెల మాంసాన్నీ మాన్పించడమే. ఒకే చెంచా నెయ్యి ఒకరికి ముద్దలో రుచి, మరొకరికి విషం. తేడా నేతిలో లేదు, దాన్ని విప్పే పనిముట్టులో ఉంది.

వండటం ఎంత ముఖ్యమో గిన్నెలు తోమడమూ అంతే ముఖ్యమని చెప్పే జబ్బులు ఇంకా ఉన్నాయి. అడ్రినోల్యూకోడిస్ట్రఫీలో మరీ పొడవైన కొవ్వు ఆమ్లాలు విరగక పేరుకుంటాయి. అమెరికాలో ఒడోన్ దంపతులు, వైద్యులు కాకపోయినా, తమ కొడుకు లొరెంజో కోసం రెండు నూనెల మిశ్రమాన్ని రూపొందించిన సంగతి చాలామందికి తెలుసు. ఆ నూనె రక్తంలోని పొడవైన కొవ్వు ఆమ్లాలను నిజంగానే తగ్గించింది. కానీ లక్షణాలు కనిపించాక మెదడులో ఊడిపోతున్న తొడుగును అది నిలబెట్టలేకపోయింది. నోటి నుంచి నరం దాకా ఉన్న దూరం ఎంతో ఆ ఒక్క ఉదాహరణ చెబుతుంది. క్రాబే జబ్బు ఇంకొకటి. మైలిన్‌కు ప్రత్యేకమైన చక్కెర తగిలిన కొవ్వు ఒకటుంది, దాన్ని విరిచే ఎంజైము లేకపోతే పసితనంలోనే నరాలు చితికిపోతాయి. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే పుట్టే జబ్బు. ఇద్దరూ ఆ జన్యువును మోస్తుంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికాలు ఇప్పటికీ మామూలైన మన జిల్లాల్లో నెయ్యి గురించి జరిగే చర్చలో పదో వంతైనా దీని గురించి జరగదు. మా ఇంట్లోనూ మూడు తరాల మేనరికాలు ఉన్నాయి, కాబట్టి ఈ మాట ఇతరుల మీదకు విసురుతున్న రాయి కాదు.

నా పాదాల సంగతి చెబితే వంటగది అంటే ఏమిటో ఇంకా బాగా తెలుస్తుంది. ఐదేళ్ల క్రితం కార్తీకంలో మానేసిన చేపలను నేను మళ్లీ ముట్టలేదు. సుగర్ భయంతో పాల టీ మానాను, పెరుగు తగ్గించాను. అప్పటికే పదేళ్లుగా మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకుంటున్నాను. ఒకనాటికి అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఆ తరవాత చెప్పులు లేకుండా గచ్చు మీద నడిచినా దూది మీద నడుస్తున్నట్టు ఉండేది. రాత్రి కరెంటు పోతే గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయేవాడిని. దగ్గరి పట్నంలో చూపించుకున్న డాక్టరుగారు నా ఫైలు మీద సుగర్ అన్న మాట చూసి, “ఇవి సుగర్ తిమ్మిర్లేనండి, అలవాటు పడాలి” అని పంపేశారు. ఎనిమిది నెలలు అలవాటు పడటానికి ప్రయత్నించాను. కాకినాడలో ఒక కుర్ర డాక్టరమ్మ మాత్రం సొరుగులోంచి శ్రుతిదండం తీసి, అరచేతి మడమకు కొట్టి, దాని మొదలును నా చీలమండ ఎముక మీద పెట్టి, “మోగుతోందా అంకుల్?” అని అడిగింది. చెవికి వినిపిస్తోంది, ఎముకకు తెలియడం లేదు. మోకాలు మీద పెడితే సన్నగా తెలిసింది. చేపల్లో, పాలలో దొరికే విటమిన్ బి12 నా రక్తంలో అడుగంటిందని మర్నాడు తేలింది.

బి12కు, కొవ్వుకు ఏమి సంబంధమని అడగవచ్చు. ఆ విటమిన్ మన ఒంట్లో రెండే రెండు ఎంజైములకు తోడు. వాటిలో ఒకటి బేసి సంఖ్య కార్బన్లున్న కొవ్వు ఆమ్లాలు విరిగినప్పుడు మిగిలే తునకను మళ్లీ పనికొచ్చే దారిలోకి మళ్లిస్తుంది. అది ఆగితే ఆ తునకలు పోగుపడి, కొత్తగా కట్టే కొవ్వు ఆమ్లాల్లోకి జొరబడి, నరాల్లో ఉండకూడని బేసి రకాలు కనిపిస్తాయి. రెండోది మెథియోనిన్‌ను తయారు చేసేది. పొరల్లోని కొవ్వులకూ ప్రొటీన్లకూ చిన్న మిథైల్ గుంపులను తగిలించే పని దాని మీద ఆధారపడి ఉంది. రెండూ దెబ్బతిన్నప్పుడు ముందుగా ఊడేది వెన్నుపాములో వెనక వైపున, కంపనాన్నీ కాలు ఎక్కడుందన్న తెలివినీ మోసుకుపోయే పోగుల తొడుగు. నా తిమ్మిర్ల నెలల్లో మా ఆవిడ నరాల బలానికని రోజూ రెండు చెంచాల నెయ్యి వేసిపెట్టింది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ నేతిలో నా నరాలకు పనికొచ్చే బలం అంతే. మెట్‌ఫార్మిన్ బి12ను పేగులోంచి సరిగ్గా పీల్చుకోనివ్వదన్న సంగతి ఆ మొదటి డాక్టరుగారికి తెలియకపోదు. నా ఫైలు నిండా ఒకే మాట ఉండటంతో ఇంకో మాట వెతకలేదు. నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే.

ఇదే లెక్కలో ఇనుమూ వస్తుంది. మెదడు కణాల్లో ఇనుము అన్నిటికంటే ఎక్కువగా ఉండేది మైలిన్ చుట్టే కణాల్లోనే, కొవ్వు వంటలోని ఎంజైములకూ, ఆ వంటకు శక్తినిచ్చే ఎంజైములకూ అది కావాలి కాబట్టి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఈ అంకె చూశాక నేతి చెంచా మీద రెండు వారాలు వాదించుకున్నందుకు నాకు సిగ్గేసింది. థైరాయిడ్ హార్మోన్ తక్కువగా పుట్టిన బిడ్డలోనూ మైలిన్ వెనకబడుతుంది. పుట్టగానే మడమ దగ్గర తీసే ఒక్క రక్తపు చుక్కతో దాన్ని పట్టుకోవచ్చు. ఇక మెదడు ఎదుగుదల పేరుతో డబ్బాల మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే డీహెచ్ఏ, అంటే చేపల్లో దొరికే ఒక కొవ్వు ఆమ్లం. దానికి మెదడులోకి తూము ఉంది, ఆ తూము కాపలాదారు ప్రొటీన్‌ను 2014లో సింగపూర్ శాస్త్రవేత్తలు గుర్తించారు కూడా. కానీ డీహెచ్ఏ ఎక్కువగా చేరేది నాడీ కణాల కలయిక చోట్లకూ కంటి రెటీనాకూ. మైలిన్‌లో దాని పాలు తక్కువ. చేప తినే ఇంట్లో ఆ డబ్బా అక్కరలేదు. పులస కోసం పుస్తెలు అమ్మనక్కరా లేదు, కవళ్లు చాలు.

ఇంట్లో చివరికి కుదిరిన రాజీ ఇది. మనవడికి వెన్న తీయని పాలు మళ్లీ మొదలయ్యాయి. ముద్దపప్పులో అర చెంచా నెయ్యి, అది బుర్రకని కాకుండా వాడు నోరు తెరవడానికి. వారానికి రెండు రోజులు ముళ్లు తీసిన చేప, రోజూ ఒక గుడ్డు పచ్చసొనతో సహా. కోడలు వాడి హిమోగ్లోబిన్ చూపించింది, తక్కువగానే ఉంది, చుక్కల మందు వేస్తున్నారు. వాళ్ల నాన్నగారి నెయ్యి విషయంలో ఎవరూ జోక్యం చేసుకోలేదు.

నాకు బి12 ఇంజెక్షన్లు మొదలై పద్నాలుగు నెలలైంది. కాకినాడ నుంచి వస్తూ ఒక శ్రుతిదండం నేనూ కొనుక్కున్నాను, 128 అని దాని మీద చెక్కి ఉంటుంది. నెలకోసారి, ప్రతి ఒకటో తారీఖున, వరండాలో కూర్చుని చూసుకుంటాను. మోకాళ్ల దగ్గర మొదటి రెండు నెలలకే పూర్తిగా వచ్చింది. చీలమండల దగ్గర నిరుడు సంక్రాంతికి వచ్చింది. కుడి బొటనవేలు మీద ఇప్పుడు ఐదారు సెకన్లు తెలుస్తోంది. ఎడమ బొటనవేలికి ఇంకా తెలియడం లేదు. చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం దండం మోగుతూనే ఉంటుంది.